ఎర్ర తెర రాని నాలుగేళ్లు

గండిపేట,
శనివారం.

అరుణకు,

ఇక్కడ నేనూ, నీ కరివేపాకు మొక్కా, నువ్వు సగంలో వదిలి వెళ్లిన లేసు బల్లగుడ్డా క్షేమం. అక్కడ పాలకొల్లులో నువ్వూ, మీ అక్కయ్యగారూ, ఆవిడ కొత్త మోకాలూ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం బుధవారం అందింది. "ఫోనులో మీరు మాట్లాడరు, కసురుతారు. కాగితం మీద రాయండి, కాగితం మీద కసరడానికి ఓపిక చాలదు" అని రాశావు. నా ఓపిక సంగతి నీకు ఇంకా పూర్తిగా తెలియదు. ఈ ఉత్తరం చివరిదాకా చదివాక చెప్పు.

నీ ప్రశ్నలకు జవాబులు. భోజనం చేస్తున్నాను. వంటమనిషిని వద్దన్నాను. ఈ కాలనీలో వంటమనిషంటే ఉప్పు వేయడం మరిచిపోయి, మీ బీపీ కోసమే తగ్గించాను సార్ అనే మనిషి. కుక్కర్లో అన్నం, నీ గోంగూర పచ్చడి, మజ్జిగ. జాడీలో అడుగు కనిపిస్తోంది. పక్కింటాయనతో గొడవ పడ్డానా అని అడిగావు. పడలేదు. చెరువు గాలిలో ఆక్సిజన్ ఎక్కువ ఉంటుందని ఆయన వాట్సాప్‌లో పెడితే, "మరి మీ బుర్రకు ఎందుకు అందడం లేదు?" అని అడిగాను, అంతే. దాన్ని గొడవ అనరు. నీ లేసుకు పురుగు పట్టకుండా కలరా ఉండలు వేశాను. మన మనవరాలు ఆద్య యూకేజీలో రైము తప్పు చెప్పిందట. టీచరే తప్పు నేర్పి ఉంటుందని అబ్బాయికి చెప్పాను. ఈ రోజుల్లో టీచర్లను ఎవరు పరీక్షిస్తున్నారు గనక.

చివర్లో ఇంకో ప్రశ్న వేశావు. "మొన్న ఫోనులో మీ గొంతు తగ్గింది. ముప్పై రెండేళ్లలో మీ గొంతు తగ్గడం నేను వినలేదు. ఏం దాస్తున్నారు?" అని. దానికి జవాబు తర్వాత. ముందు ఆఫీసు గోల చెబుతాను.

మా సంస్థ డయాలసిస్ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ చేస్తుందని నీకు తెలుసు. చేవెళ్లలో ఒకటి, మొయినాబాద్‌లో ఒకటి, షాబాద్‌లో ఒకటి. ఎవరికి ఏ రోజు, ఏ పూట, ఏ మంచం అన్నది మా డేటాబేసులో ఉంటుంది. దాన్ని మొదటి వాక్యం నుంచీ రాసింది నేను. మా డైరెక్టరుకు కంప్యూటరు తెరవడం వచ్చు, మూయడానికి పీఏ ఉన్నాడు. కుర్రకారు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏఐని అడుగుతారు, అది చెప్పింది అతికిస్తారు, పనిచేస్తే తమ తెలివి, పనిచేయకపోతే దాని తప్పు. వాళ్లలో షాబాద్ నుంచి వచ్చే ప్రేమ్ కుమార్ అనేవాడు ఒకడు మాత్రం ప్రశ్నలు అడుగుతాడు. అది మరీ చిరాకు.

పోయిన నెల ఏం జరిగిందంటే, చేవెళ్ల దగ్గర ఆలూరులో మారయ్య అనే పెద్దాయన ఉన్నాడు. కిడ్నీలు పోయాయి. మంగళ, గురు, శనివారాల్లో పొద్దున పూట చేవెళ్లలో డయాలసిస్. ఒంట్లో బాగా తగ్గిపోవడంతో మొయినాబాద్‌లో ఉన్న కూతురు తన దగ్గర ఉంచుకుంటానంది. చేవెళ్ల కేంద్రంలో డెస్కు మీద కూర్చునే నవత అనే అమ్మాయి ఆయన్ని మొయినాబాద్‌కు బదిలీ చేసింది. తెర మీద ఆకుపచ్చ టిక్కు వచ్చింది. మంగళవారం ఆయన మొయినాబాద్ వెళితే అక్కడ ఆయన పేరే లేదు. ఆటోలో చేవెళ్ల తిరిగొస్తే, ఆయన మంచం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. రెండు చోట్లా ఖాళీలు లేవు. గురువారం కూడా అదే తంతు. శనివారానికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి, మనిషికి గాలి ఆడక, పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లారు. మూడు రోజులు ఐసీయూలో ఉన్నాడు. బతికాడు.

తప్పెవరిదో తేల్చి రిపోర్టు ఇమ్మని డైరెక్టరు నాకు అప్పగించాడు. నవతను పిలిపించాను. ఇరవై మూడేళ్లు ఉంటాయేమో. ఆమెదీ ఆలూరే. మారయ్యను తాతా అని పిలుస్తుంది. చేతులు కట్టుకుని నిలబడి, "సార్, నేను బదిలీ బటనే నొక్కిన. పచ్చ టిక్కు గూడ వచ్చింది. మా తాత పేరు గదా సార్, రెండుసార్లు చూసుకున్న" అంది. తెర మీద రెండు బటన్లుంటాయి. 'బదిలీ' అంటే ఇక్కడి మంచం వదిలి అక్కడి మంచం పట్టాలి. 'విడుదల' అంటే ఇక్కడి మంచం వదిలేయడమే. చిట్టా తెరిచి చూపించాను. నా డేటాబేసులో ఎవరు ఏం చేసినా ఒక నంబరుతో నమోదవుతుంది. నవత పేరు మీద 'చేవెళ్ల మంచం విడుదల' అని ఉంది. మొయినాబాద్ గురించి ఒక్క ముక్క లేదు. "యంత్రం అబద్ధం చెబుతుందా అమ్మా?" అన్నాను. అందరూ అదే అంటారు, నేను నొక్కాను సార్, కరెంటు పోయింది సార్, మౌసు జారింది సార్ అని. ఏడుపు ఒకటి.

ఇప్పుడు నీకు కాస్త పాఠం చెప్పాలి. భయపడకు, నీ లేసుతోనే చెబుతాను. నువ్వు ఒక పువ్వు పూర్తయ్యాక ఆ ముడికి పిన్నీసు గుచ్చుతావు. తర్వాతి పువ్వులో అల్లిక తప్పితే దారం పట్టి లాగుతావు. అది పిన్నీసు దాకా ఊడి, అక్కడ ఆగుతుంది. పిన్నీసు లేకపోతే గుడ్డ మొత్తం ఊడిపోతుంది. డేటాబేసులోనూ అంతే. ఫంక్షనంటే ఒక పని చేసిపెట్టే ఆజ్ఞల మూట. ఒక పెద్ద ఫంక్షను తన పని మధ్యలో ఒక చిన్న ఫంక్షన్‌ను పిలుస్తుంది. బదిలీ అనేది పెద్దది. అది ముందు చేవెళ్ల మంచం వదిలించి, తర్వాత మొయినాబాద్ మంచం పట్టమని చిన్నదాన్ని పిలుస్తుంది. చిన్నదానికి తప్పు ఎదురైందనుకో, అంటే అదే క్షణంలో మొయినాబాద్ వాళ్లు ఆ మంచాన్ని ఇంకొకరికి ఇచ్చేశారనుకో. దాన్ని మేం ఎక్సెప్షన్ అంటాం. ఆ తప్పును ఎవరూ మధ్యలో పట్టుకోకపోతే అది చిన్నదాన్ని దాటి, పెద్దదాన్ని దాటి, పైదాకా వెళుతుంది. మొత్తం పని ఊడిపోతుంది, వదిలిన చేవెళ్ల మంచం కూడా మళ్లీ మారయ్యకే వస్తుంది. అదే రోల్‌బ్యాక్. నవత ముందు తెర ఎర్రగా మారుతుంది. ఆమె భయపడుతుంది, నాకు ఫోను చేస్తుంది. కానీ మారయ్య మంచం మారయ్యకే ఉంటుంది.

లేదా చిన్న ఫంక్షను పిన్నీసు గుచ్చుకుని, తన తప్పును తానే పట్టుకోవచ్చు. అప్పుడు పిన్నీసు దాకానే ఊడుతుంది. పైన పెద్దది చేసిన పని, అంటే చేవెళ్ల మంచం వదలడం, అలాగే నిలిచిపోతుంది. అలా పట్టుకున్నవాడు కనీసం పైవాడికి చెప్పాలి, నా వల్ల కాలేదు అని. చెప్పకుండా నోరు మూసుకుంటే పెద్దది అంతా సవ్యంగా అయిందనుకుని ఆకుపచ్చ టిక్కు చూపిస్తుంది. బల్లగుడ్డలో పువ్వు ఉండదు, పూర్తయిందని మాత్రం అంటాం.

'ఏ తప్పు వచ్చినా పట్టుకో. ఏమీ చేయకు' అని రెండు వాక్యాలు రాసి పెట్టే వెధవలు ఉంటారు అరుణా. అలాంటివాణ్ణి కీబోర్డు కాదు, టీవీ రిమోటు కూడా ముట్టనివ్వకూడదని ప్రతి ఏడూ కొత్తవాళ్లకు చెబుతాను. రెండేళ్ల కింద పూర్ణిమ అనే అమ్మాయి ఆ రెండు వాక్యాలు రాస్తే, వాటిని గోడ మీద పెద్ద తెర మీద వేసి, "దీన్ని రాసినవాళ్లకు కళ్లుంటే చదవమనండి" అన్నాను. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి బాత్రూములోకి వెళ్లి ఏడ్చిందని తర్వాత తెలిసింది. నాకు తృప్తిగానే అనిపించింది.

సరే, రిపోర్టు సంగతి. సంతకం పెట్టబోతుంటే ప్రేమ్ కుమార్ వచ్చి నా వెనక నిలబడ్డాడు. "సార్, చిట్టాల రెండువందల పదకొండు ఉన్నది, పదమూడు ఉన్నది. నడుమల పన్నెండు ఏడ వోయింది?" అన్నాడు. నేను వెనక్కి తిరగకుండానే, "అంకెలు ఒక్కోసారి ఎగిరిపోతాయి. ఆ మాత్రం తెలియకుండా ఉద్యోగం ఎలా వచ్చిందయ్యా నీకు?" అన్నాను. వాడు తల వంచుకుని వెళ్లిపోయాడు. నేను 'ఆపరేటర్ పొరపాటు' అని రాసి సంతకం పెట్టాను. సోమవారం నవతను తీసేశారు.

అరుణా, ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. ఆ పన్నెండు ఎక్కడికి పోయిందో వాడు అడగకముందే నాకు తెలుసు. నవతను పిలిపించిన రోజు పొద్దున చిట్టా తెరవగానే ఆ ఖాళీ నాకు కనిపించింది. రోల్‌బ్యాక్‌లో అన్నీ వెనక్కి వెళతాయి, వరస నంబరు మాత్రం వెళ్లదు. ఒకసారి తీసుకున్న నంబరును డేటాబేసు మళ్లీ ఎవరికీ ఇవ్వదు. నవత బదిలీయే నొక్కింది. 'మొయినాబాద్ మంచం కోసం నవత' అని పన్నెండో నంబరు మీద చిన్న ఫంక్షను రాసుకుంది. తర్వాత తప్పు ఎదురై, పిన్నీసు దాకా ఊడిపోయేటప్పుడు ఆ రాసుకున్నది కూడా తుడిచిపెట్టుకుపోయింది. ఆమెకున్న ఒక్క సాక్ష్యం అలా పోయింది. నంబరు ఖాళీ మాత్రం మిగిలింది. డేటాబేసుకు ఇంకో కాపీ తీసి, దాని మీద అదే పని చేసి చూశాను. అచ్చం అలాగే ఒక నంబరు ఎగిరింది. ఆ చిన్న ఫంక్షను తెరిచాను. అడుగున ఆ రెండు వాక్యాలు ఉన్నాయి. 'ఏ తప్పు వచ్చినా పట్టుకో. ఏమీ చేయకు.' పైన, రాసినవాడి పేరు ఉంది. నాది.

చదివాను, మూసేశాను, నవతను పిలిపించాను, యంత్రం అబద్ధం చెబుతుందా అని అడిగాను. ఇదంతా తెలిసే చేశాను. మన షోకేసులో నువ్వు వారం వారం తుడిచే షీల్డు ఉంది కదా, నాలుగేళ్లుగా ఒక్క ఎర్ర తెర కూడా రాలేదని మా వాళ్లు ఇచ్చింది. నాలుగేళ్లుగా తప్పులు రాకపోలేదు. నేను వాటి నోరు నొక్కాను. దానికి నాకు సన్మానం చేశారు, శాలువా కప్పారు. నేను వంగి కప్పించుకున్నాను కూడా. ఈ ఊళ్లో నేను ఇంతవరకు వెధవలు అని పిలిచినవాళ్లలో ఒక్కడు కూడా ఇంత పని చేసి ఉండడు.

పది రోజులు ఊరుకున్నాను. మొన్న గురువారం ఆలూరు వెళ్లాను. ఎందుకు వెళుతున్నానో నాకే సరిగ్గా తెలియదు. ఆమెకు ఇంకో చోట ఉద్యోగం చెబుతానని, అంతటితో సరిపోతుందని దారిలో అనుకున్నాను. నవత ఇంటి ముందు గోనెసంచి పరుచుకుని కొత్తిమీర కట్టలు కడుతోంది. పొద్దున్నే చేవెళ్ల మార్కెట్‌కు వెళతాయట. నన్ను చూసి లేచి, చేతులు చీరకొంగుకు తుడుచుకుని కుర్చీ వేసింది.

"కూసోండ్రి సార్. మీరెందుకు వచ్చిండ్రు ఇంత దూరం? ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గదా" అంది.

ఎలా ఉన్నావని అడిగాను. ఆమె కట్టలు కడుతూనే చెప్పింది. "ఎట్ల ఉంట సార్. మొన్న ఆదివారం చర్చిల మారయ్య తాత కోడలు నా పక్కకెల్లి లేచి పోయి వేరే కాడ కూసున్నది. ఎవ్వరు ఏమంటలేరు గని, అందరు చూస్తున్నరు. ముందుగాల నాకు మస్తు కోపం వచ్చింది సార్, నేను నొక్కిన, నొక్కిన అని. ఇప్పుడు నాకే డౌట్ అయితున్నది. విడుదలే నొక్కిన్నేమో. మీ అసొంటి పెద్దోళ్లు రికార్డుల లేదంటే లేనట్టే గదా. మీరెందుకు అబద్ధం ఆడుతరు?"

ఆమె నన్ను తిట్టి ఉంటే నేను ఇంకో ఉద్యోగం సంగతి చెప్పి వచ్చేసేవాణ్ణి. తిట్టేవాళ్లకు జవాబు చెప్పడం నాకు బాగా వచ్చు. తన వేలితో తానే నొక్కిన సంగతిని నా మాట వల్ల నమ్మడం మానేసిన పిల్లకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. అప్పుడు చెప్పాను. పన్నెండో నంబరు, పిన్నీసు, ఊడిపోవడం, నా రెండు వాక్యాలు, అంతా చెప్పాను. నీకు చెప్పినంత బాగా చెప్పలేకపోయాను.

ఆమె చేతిలో కట్టను మోకాలి మీద ఆనించుకుంది. తర్వాత, "ఆ నంబరు లేదని మీకు ఎప్పుడు ఎరుకైంది సార్?" అని అడిగింది.

"నిన్ను పిలిపించిన రోజే."

"నన్ను పిలిచినంకనా, పిలువక ముందా?"

"ముందే."

నవత ఏడవలేదు. కట్టకు దారం చుట్టి, ముడి వేసి, పక్కన పెట్టింది. "అయితే నాకెందుకు చెప్తున్నరు సార్. నేను నొక్కిన అని నాకు ముందే ఎరుక. ఎరుక లేకుంట చేసింది మీరే. పోయి చర్చి కాడ చెప్పుండ్రి. తాత ముంగట చెప్పుండ్రి" అంది. ఇంకో కట్ట చేతిలోకి తీసుకుంది. కుర్చీలోంచి లేచి వచ్చేశాను.

నిన్న ఆ రెండు వాక్యాలు తీసేశాను. తీసిన గంటలో మూడు చోట్ల నుంచి ఎర్ర తెరలని ఫోన్లు వచ్చాయి. డైరెక్టరుకు జరిగింది జరిగినట్టు మెయిలు పెట్టాను. నవతను వెనక్కి పిలవమని, నన్ను ఏం చేసినా సరేనని రాశాను. డైరెక్టరు వెంటనే ఫోను చేసి, "ఎందుకు సార్, క్లోజ్ అయిపోయిన ఇష్యూ కదా, ఆ అమ్మాయి కూడా ఏమీ అనడం లేదు కదా" అన్నాడు. వాడి బుర్రలో కూడా ఎవడో నా రెండు వాక్యాలే రాసి పెట్టినట్టున్నారు. మెయిలు వెనక్కి తీసుకోనని చెప్పాను. ప్రేమ్ కుమార్‌ను పిలిచి, పన్నెండు ఎక్కడికి పోయిందో చెప్పాను. వాడు, "నాకు గదే అనిపించింది సార్" అన్నాడు. అనిపించిందట. ఆ రోజే నా మీద అరవకపోయాడా, దద్దమ్మ. పూర్ణిమ ఇప్పుడు వేరే కంపెనీలో ఉందట, ఆమెకూ రాయాలి.

షీల్డు షోకేసులోంచి తీసేశాను. కరివేపాకు కుండీ కింద పెడితే ఎత్తు సరిగ్గా సరిపోయింది.

ఇంకొక్క మాట మిగిలింది. ఇది నవతకు చెప్పలేదు, మెయిల్లోనూ రాయలేదు. ఆ రెండు వాక్యాలు ఎప్పుడు రాశానో ఫైలు మీద తేదీ ఉంది. నాలుగేళ్ల కింద, ఆద్య అన్నప్రాసన రోజు. నీకు గుర్తుందా, పొద్దున్నుంచి ఎర్ర తెరలని కేంద్రాల నుంచి పదకొండు ఫోన్లు వచ్చాయి. పంతులుగారు మంత్రం ఆపి నన్నే చూస్తున్నాడు. నీ ముఖం చూశాను. పెరుగు గిన్నె కోసమని మేడ మీదకు వెళ్లి, లాప్‌టాప్ తెరిచి, ఆ రెండు వాక్యాలు రాసి దిగివచ్చాను. సోమవారం తీసేద్దామనుకున్నాను. ఆ తర్వాత ఫోను మోగలేదు. సాయంత్రం విస్తళ్లు తీస్తూ నువ్వు నవ్వి, "ఇవాళ ఒక్కరోజు మీరు పూర్తిగా ఇంట్లో ఉన్నారండీ" అన్నావు. ముప్పై రెండేళ్లలో నా గురించి నువ్వు అంత సంతోషంగా అన్న మాట అదొక్కటే. ఆ మాట పోగొట్టుకోలేక సోమవారం తీయలేదు. తర్వాత నిజంగానే మరిచిపోయాను.

రేపు ఆదివారం. ఆలూరు చర్చిలో ఆరాధన అయ్యాక రెండు నిమిషాలు మాట్లాడనిస్తామని పాస్టరుగారు ఒప్పుకున్నారు. మారయ్యను కూడా తీసుకొస్తారట. ఏం చెప్పాలో నాలుగుసార్లు రాసి చించేశాను. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట 'సాంకేతిక లోపం' అనే మాట వచ్చి కూర్చుంటోంది. చివరికి ఇంత మిగిలింది: నవత సరిగ్గానే నొక్కింది, తప్పు నాది, అది తెలిసే సంతకం పెట్టాను.

ఈ ఉత్తరం నీకు అందేసరికి బుధవారం అవుతుంది, అంతా అయిపోయి ఉంటుంది. అందుకే ఫోను చేయకుండా రాశాను. ఇన్నేళ్లూ నా నోటి దురుసును చుట్టాల దగ్గరా, పక్కింటివాళ్ల దగ్గరా, పనివాళ్ల దగ్గరా నువ్వే నవ్వి సర్దేశావు, ఆయన మనసు మంచిదండీ అంటూ. రేపు నా పక్కన ఉంటే అక్కడా ఆ మాటే అంటావు. అనకూడదు అరుణా. ఈ ఒక్క తప్పును మధ్యలో ఎవరూ పట్టుకోకూడదు.

ఇట్లు,
ఆ రోజు నువ్వు ఇంట్లోనే ఉన్నాడనుకున్న నీ భర్త,
శేషగిరి